శీతల శలాక: డాక్టర్ ఇర్వింగ్ కూపర్ జీవితం

ప్రాచీన కాలం నుండి శస్త్రవైద్యుని చేతిలో కత్తి తరువాత ముఖ్యమైన సాధనం నిప్పు. సుశ్రుత సంహితలో అగ్నికర్మకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కలదు. క్రీ.శ. 1013 ప్రాంతంలో దివంగతులైన అండలూసియా వైద్యుడు అబుల్ కాసిం అల్ జహ్రావీ తన 'అల్ తస్రీఫ్' అనే మహాగ్రంథంలో శస్త్రచికిత్సకు కేటాయించిన చివరి భాగాన్ని వాతలు పెట్టే విధానంతోనే ప్రారంభించినారు. తరతరాలుగా నిప్పు ఎందరి ప్రాణాలనో కాపాడినది. అయితే నిప్పుకు ఒక దోషం ఉన్నది. కాలినది కాలినట్లే, దానిని వెనుకకు తెచ్చుకొనలేము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదని మన పెద్దలు ఊరకే అనలేదు.

చలి స్వభావం వేరు. ఒక హద్దు వరకు చల్లబడిన శరీరభాగం మొద్దుబారుతుందే గాని చావదు. మరల వెచ్చబరచినచో తన పని తాను చేసుకొంటుంది. ఆ హద్దు దాటినప్పుడు మాత్రమే గడ్డకట్టి నశిస్తుంది. మొద్దుబారుటకు, నశించుటకు మధ్య కొద్దిపాటి వ్యవధి ఉన్నది. ఆ వ్యవధిలో వైద్యుడు ఆగి, తాను చేయబోవుచున్నది సరియైనదా కాదా అని రోగి శరీరాన్నే అడిగి తెలుసుకొనవచ్చును. ఈ సత్యాన్ని మానవ మస్తిష్కంలో, మెలకువగా ఉన్న రోగిలో, ఆచరించి చూపినవారు అమెరికా దేశపు శస్త్రవైద్యుడు డాక్టర్ ఇర్వింగ్ కూపర్. వారి జీవితాన్ని విజ్ఞానశాస్త్ర విద్యార్థుల ముందు ఉంచవలెనని సంకల్పించినాము. స్తోత్రపాఠం చేయుట మా ఉద్దేశం కాదు. కూపర్‌ను మార్గదర్శి అని కొనియాడినవారు ఎందరు ఉన్నారో, సాహసం హద్దు మీరిన మనిషి అని ఆక్షేపించినవారు కూడ అందరు ఉన్నారు. ఇరువురి మాటలోను కొంత నిజం ఉన్నదని మా అభిప్రాయం.

కూపర్ 1922 జూలై 15వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రంలోని సముద్రతీర నగరమైన అట్లాంటిక్ సిటీలో జన్మించినారు. జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చదివి 1945లో వైద్యపట్టం పుచ్చుకొన్నారు. కొంతకాలం నౌకాదళంలో పనిచేసి, పిదప మిన్నెసోటా రాష్ట్రంలోని మేయో వైద్యకేంద్రంలో నాడీశస్త్రవిద్యను అభ్యసించి, మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు కూడ పొందినారు. 1951 నాటికి న్యూయార్క్ నగరానికి చేరినారు. అప్పటికి వారి వయస్సు ఇరువది తొమ్మిది సంవత్సరాలు మాత్రమే. ఇంతవరకు వారి కథలో అసాధారణమైనది ఏదియు లేదు. చురుకైన యువవైద్యుడు నడిచే రాజమార్గమే అది. మలుపు మరుసటి సంవత్సరంలో వచ్చినది.

ఆ మలుపును అర్థం చేసుకొనుటకు ముందు వ్యాధిని గురించి రెండు మాటలు చెప్పవలెను. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఒక చిన్న గ్రంథంలో వర్ణించిన కంపరోగానికి తరువాత ఆయన పేరే స్థిరపడినది. మన ఆయుర్వేదంలో దీనిని పోలిన వ్యాధిని కంపవాతం అన్నారు. వణుకుడు వ్యాధిని యునానీ హకీములు రఅషా అని పిలుస్తారు. విశ్రాంతిగా ఉన్న చేయి తనంత తానుగా వణకుతుంది. కండరాలు బిగుసుకొంటాయి. నడక మందగిస్తుంది. ముఖంలో హావభావాలు అడుగంటి, బొమ్మ ముఖంవలె నిశ్చలమవుతుంది. బుద్ధి చాలకాలం నిలకడగానే ఉండును గనుక రోగి తన శరీరమనే చెరసాలలో తానే బందీ. సాధారణంగా ఇది వృద్ధాప్యంలో వచ్చే వ్యాధి. అయితే మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మొదలై, తరువాత కొన్ని సంవత్సరాలు వ్యాపించిన నిద్రావ్యాధి అనే మెదడువాపు, బ్రతికి బయటపడినవారిలో ఎందరికో యౌవనంలోనే ఈ అవస్థను మిగిల్చిపోయినది.

అప్పటికి దీనికి సరియైన మందు లేదు. శస్త్రవైద్యులు మెదడు నుండి అవయవాలకు ఆజ్ఞలు తీసుకొనిపోయే నాడీమార్గాన్ని కొంతమేర ఖండించేవారు. వణుకు పోయేది, దానితోపాటు చేతి బలం కూడ పోయేది. ఏ వైద్యుడైనను రోగికి ఇవ్వగలిగినది ఒకటే: వణకే చేతికి బదులు చచ్చుబడిన చేయి. ఆ మార్పిడిని అంగీకరించిన రోగులు ఉన్నారంటే వారి బాధ ఎట్టిదో విద్యార్థులే ఊహించుకొనగలరు.

1952లో కూపర్ అటువంటి శస్త్రచికిత్సనే ఒక రోగికి ప్రారంభించినారు. అతడు నడివయస్సువాడు, మెదడువాపు అనంతరం కంపరోగం పట్టుకొన్నవాడు. నాడీమార్గాన్ని చేరకమునుపే ఒక చిన్న ధమని చిట్లినది. రక్తస్రావాన్ని ఆపుటకు కూపర్ ఆ ధమనిని వెండి బిళ్ళలతో బిగించి మూసివేసినారు. రోగి ప్రాణానికి ముప్పు వాటిల్లునేమోనని భయపడి, అసలు చేయదలచిన పనిని చేయకుండానే పుర్రెను మూసి శస్త్రచికిత్స ముగించినారు. రోగి మేల్కొన్నాడు. అతని చేతికి పక్షవాతం రాలేదు. వణుకు లేదు. బిగువు లేదు. నాడీమార్గాన్ని తాకనే లేదు. అయినను రోగం అణగినది.

ఇక్కడ మనం కొంచెం ఆగి ఆలోచించవలెను. శస్త్రచికిత్సలో జరిగిన పొరపాటును నలుగురికి తెలియకుండ కప్పిపుచ్చుకొనుట మానవసహజం. కూపర్ అట్లు చేయలేదు. జరిగినదానిని మరుసటి సంవత్సరమే వైద్యపత్రికలో ప్రకటించినారు. ఆ ధమని మెదడులో ఏ భాగాలకు రక్తాన్ని అందిస్తుందో ఆ భాగాలలోనే వణుకు మూలం ఉండవలెనని ఊహించినారు. ఆ ఊహ శాస్త్రీయమే. అయితే దానిని నమ్మి, ఇతర రోగులలో ఉద్దేశపూర్వకంగా అదే ధమనిని మూయుటకు పూనుకొన్నప్పుడు ఫలితాలు ఒక్క తీరుగా రాలేదు. కొందరు బాగుపడినారు. కొందరికి ఫలితం కనిపించలేదు. కొందరు మరణించినారు. ధమనుల అల్లిక మనిషికీ మనిషికీ వేరుగా ఉంటుంది. ఒకే ముడి వేసినను రక్తం ఆగే చోటు అందరిలో ఒకటి కాదు. ఒకరికి దైవికంగా లభించిన మేలు పదిమందికి విధానం కాజాలదని కూపర్ గ్రహించుటకు కొన్ని ప్రాణాలు మూల్యమైనవి. వారి విమర్శకులు ఈ సంగతిని మరువలేదు. మేము కూడ మరువరాదని ఇక్కడ వ్రాసినాము.

1954లో కూపర్ న్యూయార్క్ నగరపు బ్రాంక్స్ ప్రాంతంలోని సెయింట్ బార్నబాస్ ఆస్పత్రికి వచ్చినారు. 1866లో స్థాపించబడిన నాడు ఆ సంస్థకు పెట్టిన పేరు నయంకాని వ్యాధిగ్రస్తుల గృహం. కొద్ది సంవత్సరాలకు ముందే ఆ పేరు మారినది గాని, అక్కడ ఉన్నవారిలో అధికులు చిరకాలరోగులే. పేరుప్రతిష్ఠల కోసం పరుగెత్తే వైద్యులు అటువంటి చోటికి సాధారణంగా పోరు. కూపర్ అక్కడనే తన పేరుప్రతిష్ఠలను సంపాదించుకొన్నారు.

ధమనిని మూయుటకు బదులు, మెదడు లోతున ఉన్న ఆ భాగాన్నే సూటిగా చేరవలెనని వారు నిశ్చయించినారు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టాన్ని లోనికి పంపి, కొన్ని చుక్కల ఆల్కహాలుతో ఆ భాగాన్ని నశింపజేయుట వారి రెండవ విధానం. మొదట వారి గురి గ్లోబస్ పాలిడస్ అనే భాగం మీద ఉండెను. విచిత్రమేమనగా, చక్కని ఫలితం పొందిన ఒక రోగి తరువాత వేరొక కారణం చేత మరణించినప్పుడు పరీక్షించి చూడగా, మందు పడినది గురిపెట్టిన చోట కాదు, దాని ప్రక్కనున్న థాలమస్ అనే భాగంలో. అంతట కూపర్ గురిని థాలమస్ మీదికి మార్చినారు. అదృష్టం మరల వారి పక్షాన నిలిచినదని కొందరు అంటారు. అదృష్టం తలుపు తట్టినప్పుడు లేచి తెరిచినవాడు కూడ కావలెను గదా అని మేము అంటాము.

ఈ దశలోనే వారికి ఒక ముఖ్యమైన చింత పట్టుకొన్నది. గొట్టం కొన సరియైన చోటనే ఉన్నదని ఎట్లు తెలియును? మెదడులో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినను చేయి చచ్చుబడవచ్చును, మాట పడిపోవచ్చును. దీనికై ఆయన మెత్తని ప్లాస్టిక్ గొట్టం కొనకు చిన్న బుడగ అమర్చినారు. బుడగను కొద్దిగా ఉబ్బించినప్పుడు చుట్టూ ఉన్న కణజాలం ఒత్తిడికి లోనై తాత్కాలికంగా పని మానుకొంటుంది. ఆ సమయంలో వణుకు ఆగి, చేతిలో బలం తగ్గకుండ ఉన్నచో చోటు సరియైనదే. అప్పుడు మాత్రమే మందు. రోగికి చర్మం మీద మాత్రమే తిమ్మిరి మందు ఇచ్చి, మిగిలిన సమయమంతా మెలకువగానే ఉంచేవారు. మెదడు కణజాలానికి స్వతహాగా నొప్పి తెలియదు గనుక ఇది సాధ్యమైనది.

ముందు పరీక్ష, పిదప చికిత్స. కూపర్ పరిశోధన అంతటికి ఇదియే ఆయువుపట్టు అని మా భావం. అయితే ఆల్కహాలు ద్రవం. ఒకసారి విడిచిన ద్రవం చెప్పిన చోటనే ఉండదు. దారి దొరికిన వైపు పారుతుంది. పరీక్ష ఎంత చక్కగా జరిగినను చికిత్స చేయి జారిపోయే అవకాశం మిగిలియే ఉన్నది.

ఆల్కహాలు విధానం కాలంలో కూపర్ వద్దకు వచ్చిన రోగులలో మనం తప్పక చెప్పుకొనవలసినవారు ఒకరు ఉన్నారు. చరఖా ప్రక్కన కూర్చుండి చదువుకొనుచున్న గాంధీ మహాత్ముని ఛాయాచిత్రాన్ని చూడని భారతీయుడు ఉండడు. 1946లో దానిని తీసినవారు 'లైఫ్' పత్రిక ఛాయాచిత్రకారిణి మార్గరెట్ బూర్క్ వైట్. దేశవిభజన నాటి కాందిశీకుల బారులను కూడ లోకానికి చూపిన కన్ను ఆమెదే. మహాత్ముని హత్య జరిగిన దినాన, దానికి కొన్ని గంటల ముందు, ఆమె వారిని కలిసి మాట్లాడినారు. యుద్ధభూములలో వణకని ఆ చేతులను 1950ల దశకంలో కంపరోగం పట్టుకొన్నది. కెమెరాను నిలకడగా పట్టలేని ఛాయాచిత్రకారిణి దుఃఖం చెప్పనలవి కాదు. 1959లో కూపర్ ఆమెకు శస్త్రచికిత్స చేసినారు. ఆ వృత్తాంతాన్ని ఆమె తానే 'లైఫ్' పత్రికలో వ్రాసినారు. చిత్రాలు తీసినవారు ఆమె సహోద్యోగి ఆల్ఫ్రెడ్ ఐసెన్‌స్టాట్. చేతి వణుకు తగ్గినది. 1961లో రెండవ ప్రక్కకు కూడ చికిత్స జరిగినది. కాని వ్యాధి ఆగలేదు. కాలక్రమాన మాట కుంటుపడినది. 1971లో ఆమె మరణించినారు. కూపర్ విధానం ఏమి ఇవ్వగలదో, ఏమి ఇవ్వలేదో ఆమె జీవితమే సాక్ష్యం. వణుకును, బిగువును అది తగ్గించినది. వ్యాధి మూలాన్ని తాకలేదు.

'లైఫ్' పత్రికలో వచ్చిన కథ వలన కూపర్ పేరు ఇంటింటా మారుమ్రోగినది. రోగులు దూరదేశాల నుండి బ్రాంక్స్‌కు రాసాగినారు. అదే కారణం చేత తోటి వైద్యులకు వారిపై అసహనం కూడ పెరిగినది.

ఇంతలో చలి కథలో ప్రవేశించినది. ఒక క్రిస్మస్ పండుగకు కూపర్‌కు ఎవరో చిన్న కానుక ఇచ్చినారు. అది ద్రాక్షసారా సీసా బిరడాను కార్బన్ డై ఆక్సైడ్ వాయువు ఒత్తిడితో తీసే పరికరం. దానిని వాడునప్పుడు వాయువు ఒక్కసారిగా బయటకు వ్యాపించి, అరచేతిలో ఒక్కచోట చురుక్కుమనే చలి తగిలినది. బిగించిన వాయువు హఠాత్తుగా వ్యాకోచించినప్పుడు చల్లబడునని మన ఇంటర్మీడియట్ విద్యార్థులకు కూడ తెలియును. కానుక తెచ్చినవారు, తీసుకొన్నవారు ఎందరో ఆ చలిని అనుభవించియే ఉందురు. కూపర్‌కు మాత్రం తాను వెదకుచున్న వస్తువు అరచేతిలోనే కనిపించినది. ద్రవంవలె పారనిది, ఒక్కచోటనే నిలిచేది, కావలసినప్పుడు ఉపసంహరించుకొనదగినది.

న్యాయంగా చెప్పవలెనంటే, చలిని చికిత్సగా వాడుట వారితో మొదలు కాలేదు. 1851 ప్రాంతంలోనే బ్రైటన్ వైద్యుడు జేమ్స్ ఆర్నాట్ మంచును ఉప్పుతో కలిపి సున్నాకు దిగువన 24 డిగ్రీల వరకు చల్లబరచి, పైకి కనిపించే పుట్టకురుపుల మీద ప్రయోగించినారు. వాటి పరిమాణం తగ్గినది, నొప్పి ఉపశమించినది. తరువాత చర్మవైద్యులు ఘనీభవించిన కార్బన్ డై ఆక్సైడుతో పులిపిరులను మాడ్చినారు. ఇదంతయు శరీరం పైభాగాన జరిగిన పని. చుట్టుప్రక్కల దేనిని తాకకుండ చలిని శరీరం లోతులకు కొనిపోవుట ఎవరికి సాధ్యం కాలేదు.

అందుకు కూపర్ యూనియన్ కార్బైడ్ సంస్థలోని లిండే విభాగానికి చెందిన ఇంజనీరు ఆర్నాల్డ్ లీ సహాయం పొందినారు. ఇరువురు కలిసి నిర్మించిన శలాక నిర్మాణం ఎంతో సులభమైనది, అందువలననే ఎంతో తెలివైనది. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు సన్నని గొట్టాలు. నడిమి గొట్టం గుండా ద్రవ నత్రజని కొన వరకు పోతుంది. దాని ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 196 డిగ్రీలు. కొన వద్ద అది ఆవిరియై, అక్కడి వేడిని గ్రహించి, రెండవ గొట్టం గుండా వెనుకకు వస్తుంది. అన్నిటికంటె వెలుపలి పొర శూన్యం. మన థర్మాస్ ఫ్లాస్కులో వలె ఈ శూన్యం వేడిని అటు ఇటు పోనీయదు. కనుక శలాక పొడవునా ఉన్న మెదడుకు చలి తగలదు. కవచం లేని కొన ఒక్కటే చల్లబడుతుంది. కొన వద్ద అమర్చిన ఉష్ణమాపకం క్షణక్షణానికి లెక్క చెబుతుంది. ద్రవం ప్రవాహాన్ని హెచ్చించియు తగ్గించియు వైద్యుడు తాను కోరిన ఉష్ణోగ్రతను నిలుపగలడు. ఈ సాధనాన్ని గురించిన వారి వ్యాసం 1961లో వెలువడినది. వైద్యచరిత్రకారులు ఆధునిక శీతల శస్త్రచికిత్స ఆ సంవత్సరంలో పుట్టినదని లెక్కిస్తారు.

శస్త్రచికిత్స జరిగే తీరును ఊహించుకొందాము. రోగి బల్ల మీద పడుకొని ఉన్నాడు, మెలకువగా ఉన్నాడు. ఎక్స్‌రే చిత్రాల ఆధారంతో శలాక కొన థాలమస్‌ను చేరినది. చేయి పైకెత్తమని వైద్యుడు కోరుతాడు. చేయి లేస్తుంది, ఎప్పటివలెనే వణకుతుంది. కొనను సున్నా ప్రాంతానికి చల్లబరుస్తారు. వణుకు నెమ్మదిస్తుంది, ఆగుతుంది. వ్రేళ్ళు ముడువమంటారు, తెరువమంటారు, పేరు చెప్పమంటారు, అంకెలు లెక్కించమంటారు. పిడికిలి సడలినను, మాట తడబడినను వెంటనే చలిని ఆపివేస్తారు. కొన్ని క్షణాలలో కణజాలం వెచ్చబడి, పోయిన శక్తి తిరిగి వస్తుంది. శలాకను కొంచెం జరిపి మరల ప్రయత్నిస్తారు. అంతయు సవ్యంగా ఉన్నప్పుడే ఉష్ణోగ్రతను ఇంకను ఎన్నో డిగ్రీలు దించుతారు. కొన చుట్టూ చిన్న మంచుగుండు ఏర్పడుతుంది. కణాల లోపల, వెలుపల నీరు స్ఫటికాలై, కణం లోని తేమ బయటకు లాగబడి, సూక్ష్మ రక్తనాళాలు మూసుకొని, శనగగింజ పాటి ప్రదేశం నశిస్తుంది. రక్తస్రావం కూడ అరుదు. గడ్డకట్టిన చోట నెత్తురు పారదు.

ఇది తెలిసిన తరువాత ఇతర రంగాలవారు ఊరకుండలేదు. అదే 1961లో పోలండు దేశపు నేత్రవైద్యుడు తదెయుష్ క్ర్వావిచ్ చల్లని కొనకు కంటిపొర అంటుకొనునట్లు చేసి, శుక్లాన్ని చెక్కుచెదరకుండ వెలికితీసినారు. న్యూయార్క్ యువవైద్యుడు చార్లెస్ కెల్మన్ కూపర్‌తో కలిసి నేత్రాలలో శీతల శస్త్రచికిత్సను గురించి వ్యాసం ప్రకటించినారు. ఈ కెల్మనే తరువాత 1967లో శబ్దతరంగాలతో శుక్లాన్ని చిదిమి తీసే విధానాన్ని కనుగొని మరింత ప్రసిద్ధులైనారు. 1970ల దశకంలో మన దేశపు కంటి ఆస్పత్రులలో కూడ శుక్లాలను చల్లని కొనతో తీసే పద్ధతి వాడుకలో ఉండెను. మూత్రాశయం క్రింది గ్రంథికి, కాలేయంలోని గడ్డలకు, గర్భాశయ ముఖానికి శీతల శలాక ప్రాకినది.

మెదడులో మాత్రం కూపర్ వైభవం దీర్ఘకాలం నిలువలేదు. ఓడించినది మరొక శస్త్రవైద్యుడు కాదు, ఒక మాత్ర. కంపరోగుల మెదడులో డోపమైన్ అనే పదార్థం కొరవడునని 1960లో వియన్నా శాస్త్రజ్ఞులు నిరూపించినారు. దానిని మెదడులో పుట్టించే లెవోడోపా మందును తగిన మోతాదులో ఇచ్చు విధానాన్ని 1967లో జార్జి కొట్జియాస్ ప్రకటించినారు. 1970లో అమెరికా ప్రభుత్వం దానిని ఆమోదించినది. మనకు సంతోషం కలిగించే సంగతి ఒకటి ఇక్కడ కలదు. మన పొలాల గట్ల మీద పెరిగే, ముట్టుకొంటే దురద పుట్టించే దూలగొండి గింజలలో ఇదే లెవోడోపా ఉన్నదని 1937లోనే మద్రాసు విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపినారు. కంపవాతానికి దూలగొండిని వాడుట ఆయుర్వేద వైద్యులకు కొత్త కాదు.

మాత్రతో తగ్గే వ్యాధికి పుర్రెను తొలిపించుకొనేవారు ఎవరు? కొద్ది సంవత్సరాలలో ఈ శస్త్రచికిత్స ప్రపంచమంతటా వెనుకంజ వేసినది. కూపర్ అప్పటికే వేరొక రోగసమూహం మీద మనస్సు నిలిపినారు. డిస్టోనియా అనే వ్యాధిలో పసిపిల్లల కండరాలు వారి ఇచ్ఛతో నిమిత్తం లేకుండ మెలితిరిగి, నడుము, మెడ, కాళ్ళు తాడు పేనినట్లు వంకరపోతాయి. ఈ పిల్లలలో అనేకులను ఇతర వైద్యులు మనోవ్యాధిగా భావించి మానసిక చికిత్సకు పంపినారు. కూపర్ ఆ నిర్ణయాన్ని గట్టిగా వ్యతిరేకించినారు. వ్యాధి మెదడులోనే ఉన్నదని వాదించి, కొందరు పిల్లలకు శీతల శలాకతో చికిత్స చేసినారు. 1973లో వారు సామాన్య పాఠకుల కోసం వెలువరించిన గ్రంథం ఈ పిల్లల కథయే. పిల్లలకు, తలిదండ్రులకు రోగం కంటె వైద్యుల అపనమ్మకమే పెద్ద శిక్ష అయినదని ఆ గ్రంథంలో చూపినారు. డిస్టోనియా మనోవ్యాధి కాదన్న వారి వాదాన్నే తరువాతి శాస్త్రం సమర్థించినది. ఆ వ్యాధిలో ఒక రకానికి కారణమైన జన్యువును 1997లో గుర్తించినారు.

ఇక ఆక్షేపణలకు వద్దాము. కూపర్ వేల కొలది శస్త్రచికిత్సలు చేసినారు, కాని వాటి ఫలితాలను చాలవరకు తామే కొలిచినారు, తామే ప్రకటించినారు. చికిత్స పొందినవారిని, పొందనివారిని ప్రక్కప్రక్కన నిలిపి, పక్షపాతం లేని మూడవ వ్యక్తి చేత పరీక్షింపజేసే పద్ధతిని పాటించలేదు. రోగి మేలుకోరిన వైద్యునికే రోగి బాగుపడినట్లు కనిపించుట సహజం. 1970ల దశకంలో వారు చిన్నమెదడు మీద విద్యుత్ పలకలు అమర్చి, పక్షవాత బిగువును, మూర్ఛలను తగ్గించవచ్చునని గొప్ప ఆశతో ప్రకటించినారు. ఇతరులు నియమబద్ధంగా పరీక్షించి చూచినప్పుడు ఆ మేలు కనిపించలేదు. శలాక కొన వద్ద అంత ఓపికగా ప్రశ్నించి సమాధానం కోసం వేచిన మనిషి, మొత్తం విధానాన్ని గురించి అదే ప్రశ్న వేయుటకు ఎందుకు ఉపేక్షించినారో మాకు బోధపడదు. వైద్యవిద్యకు పోదలచిన మన విద్యార్థులు ఈ రెండు కూపర్‌లను కలిపి చదువవలెను.

అయినను విద్యుత్ మార్గంలో వారి అడుగు పూర్తిగా వ్యర్థం కాలేదు. మెదడు లోతున థాలమస్‌లోనే విద్యుత్ తీగను శాశ్వతంగా ఉంచే ప్రయత్నాలను 1980 ప్రాంతంలో ప్రకటించినవారిలో కూపర్ బృందం కూడ ఒకటి. 1987లో ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్ నగరంలో బెనబిద్ బృందం దీనిని వణుకుకు చికిత్సగా స్థిరపరచినది. లెవోడోపాను చాలకాలం వాడినవారిలో అదుపులేని కదలికలు పుట్టుట చేత శస్త్రచికిత్సకు మరల అవసరం ఏర్పడినది. నేడు ఆ విద్యుత్ పద్ధతియే వాడుకలో ఉన్నది. తీగలోని విద్యుత్తును ఆపినచో దాని ప్రభావం ఆగిపోతుంది. ఇది కూడ వెనుకకు తీసికొనదగిన చికిత్సయే.

కూపర్ కడపటి సంవత్సరాలలో న్యూయార్క్ మెడికల్ కాలేజీలో ఆచార్యులుగా పనిచేసినారు. 1981లో తన ఆత్మకథను ప్రకటించినారు. 1985 అక్టోబరు 30వ తేదీన ఫ్లోరిడా రాష్ట్రంలోని నేపుల్స్ పట్టణంలో కాన్సరు వ్యాధితో కన్నుమూసినారు. వయస్సు అరువది మూడు సంవత్సరాలు.

వారి శలాక బిరుసైన లోహపు కడ్డీ. మెదడుకు అది చాలును. పుర్రెకు రంధ్రం చేసి సూటిగా దించవచ్చును. హృదయానికి అది పనికిరాదు. గుండె లయ తప్పించే దుష్టకేంద్రాన్ని చేరవలెనంటే తొడ మూలంలోని సిర గుండా, వంపులు తిరుగుతూ, నిరంతరం కొట్టుకొనుచున్న గుండె లోపలికి పోవలెను. ఇందుకు వంగే గొట్టం, అనగా క్యాథెటర్, కావలెను. ద్రవ నత్రజనికి బదులు ఒత్తిడిలో ఉంచిన నైట్రస్ ఆక్సైడును సన్నని నాళం గుండా కొన వరకు పంపి, అక్కడ వ్యాకోచింపజేసి చలి పుట్టించే క్యాథెటర్లు వచ్చినవి. కూపర్ అరచేతిలోని కానుక పనిచేసినది కూడ ఇదే సూత్రం మీద. కెనడా దేశంలోని మాంట్రియల్ నగరపు సంస్థ ఒకటి నిర్మించిన ఇట్టి క్యాథెటర్‌కు 2003లో, కొనకు బుడగ అమర్చిన మరొక దానికి 2010 డిసెంబరులో అమెరికాలో అనుమతి లభించినది.

గుండెలో విద్యుత్ సంకేతాలను పై గదుల నుండి క్రింది గదులకు చేర్చే ముఖ్యమైన ముడి ఒకటి ఉన్నది. దాని సమీపంలో వేడితో కాల్చుట ప్రమాదకరం. ముడి కాలినచో రోగికి జీవితాంతం కృత్రిమ యంత్రం అమర్చవలసి రావచ్చును. చలి క్యాథెటర్ కొనను ముందు సున్నాకు దిగువన 30 డిగ్రీలకు మాత్రమే దించి, వైద్యులు గుండె విద్యుత్ రేఖలను గమనిస్తారు. ముడి పని తగ్గుచున్న సూచన కనిపించినచో వెంటనే వెచ్చబరుస్తారు; రేఖలు యథాస్థితికి వస్తాయి. సూచన లేనప్పుడే 70, 80 డిగ్రీల దిగువకు దించుతారు.

ఊపిరితిత్తుల నుండి ఎడమ పై గదికి వచ్చే సిరల ముఖాన బుడగను ఉబ్బించి గడ్డకట్టించునప్పుడు మరొక జాగ్రత్త కావలెను. కుడివైపు సిరల దాపున ఉదరవితానాన్ని కదిలించే నాడి పోతుంది. దానికి చలి తగిలినచో ఊపిరికి ఇబ్బంది. అందుచేత ఆ నాడిని విద్యుత్తుతో లయబద్ధంగా ప్రేరేపిస్తూ ఉంటారు. ప్రక్కన నిలిచినవారు రోగి ప్రక్కటెముకల క్రింద అరచేయి ఆనించి, ఉదరవితానపు ఒక్కొక్క తాకిడిని లెక్కిస్తూ ఉంటారు. తాకిడి బలహీనపడినట్లు చేతికి తోచిన మరుక్షణం వాయువును ఆపివేస్తారు.